తుపాకి ఎక్కడ పెడతారు?

భుజాన తుపాకితో మనిషి వీధిలోకి వస్తే పిల్లలు పారిపోకుండా వెంటపడేది ఒక్క పిట్టల దొర వచ్చినప్పుడే. తలకు దొరటోపీ, ఒంటికి ఖాకీ బట్టలు, చేతిలో కర్రతో చేసిన తుపాకి. వీధి మొగలో నిలబడి తాను వేటాడిన పులుల సంగతీ, కట్టించిన మేడల సంగతీ ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తుంటే, నమ్మేవాడు ఒక్కడూ ఉండడు. నవ్వనివాడూ ఒక్కడూ ఉండడు. లేనిపోని ప్రగల్భాలు పలికేవాణ్ణి మనవాళ్ళు 'తుపాకి రాముడు' అనేది కూడా ఈ వేషాన్ని చూసే. ఆ దొర తుపాకికి ఒక గొప్ప గుణం ఉన్నది. అది పేలదు. కనుక దానికి లైసెన్సు అక్కరలేదు, తాళం అక్కరలేదు, అది ఏ మూల పడి ఉన్నా ఏ తల్లికీ గుండెదడ అక్కరలేదు.

పేలే తుపాకి సంగతి వేరు. ఈ వారం చెప్పబోయేది దాన్ని గురించి.

మా చిన్నాన్న కొడుకు ఏన్కూరు దగ్గర వ్యవసాయం చేస్తున్నాడు. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డుమీద, ఖమ్మం మైదానం సన్నగిల్లి భద్రాచలం వైపు అడవులు మొదలయ్యే చోట ఉంటుంది ఏన్కూరు. వాడి చేను అడవి అంచున. ఇల్లు ఊరికి ఎడంగా, చేలోనే. ఆ మధ్య ఖమ్మంలో మా ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక మెల్లగా విషయం కదిపాడు.

"అన్నయ్యా, మొక్కజొన్న కంకి పాలు పట్టిందంటే పందులకు పండగ. ఒక్క రాత్రిలో అరెకరం పడుకోబెడతయి. ఇంట్లో చూస్తే ముసలమ్మ, మీ మరదలు, ఇద్దరు పిల్లలు. నేను పనిమీద పోయిన్నాడు ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతది. ఒక తుపాకి కొందామనుకుంటున్న. వేటకూ పనికి రావాలె, ఇంటి కాపలాకూ పనికి రావాలె. మొదటిసారి కొనేవాడు ఏది కొనాలో నువ్వు చెప్పు."

ఇంట్లో ఎం.ఏ. చదివినవాడు ఒకడుంటే పంచాంగం దగ్గరనుంచి పంపుసెట్టు దాకా అతన్నే అడగడం మన కుటుంబాల ఆచారం. నేను చదివింది తెలుగు కదా అన్నా వినరు. అయినా వాడి ప్రశ్నను నవ్వి తోసేయడానికి మనసొప్పలేదు. నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవాడి ప్రశ్న అది. తెలిసిన వకీలును అడిగాను, ఉద్యోగం విరమించిన ఒక పోలీసు ఇన్‌స్పెక్టరును అడిగాను, చట్టాలు తిరగేశాను. పోగైన సంగతులు ఇవి.

మా విద్యలో మాట పుట్టుక చూడనిదే ముందుకు కదలరు. తుపాకి మన మాట కాదు. తుర్కీ భాషనుంచి నడిచి వచ్చింది. ఫిరంగి పరంగివాళ్ళ పేరుమీద వచ్చింది. కాని అందులో కూరేదానికి మాత్రం మనం సొంత మాటే వాడుకున్నాము: మందు. జ్వరానికి వేసేదీ మందే, మిరపతోటకు కొట్టేదీ మందే, సాయంత్రాలు కొందరు పుచ్చుకునేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. నాలుగింటికీ కట్టుబాటు ఒక్కటే: మోతాదు మించకూడదు, పిల్లలకు అందకూడదు.

ముందు వేట సంగతి. వాడి కోరికలో సగం ఇక్కడే తెగిపోతుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో ఆరితేరినవాడని మన ముత్తాతలు కథలుగా చెప్పుకునేవారు. ఆ రోజులు పోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా పెద్ద జంతువులకొకటి, చిన్న జంతువులకొకటిగా వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో ఆ తలుపు మూసేశారు. ఇప్పుడు ఈ దేశంలో సరదా వేట అనేది లేదు. చంపితేనే వేట అని కూడా అనుకోకూడదు. ఉచ్చు పన్నినా వేటే, ప్రయత్నించినా వేటే. నెమలివంటి మొదటి జాబితా ప్రాణుల జోలికి పోతే 3 ఏళ్ళనుంచి 7 ఏళ్ళ దాకా జైలు.

మరి పందుల మాట? అడవిపంది కూడా చట్టం నీడలోనే ఉన్నది. కాకపోతే పంట పాడుచేసే జంతువును తొలగించడానికి అధికారులు వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చునని అదే చట్టం 11వ సెక్షనులో ఉన్నది. తెలంగాణలో ఆ పనికి చేయి తిరిగిన షూటర్లను గుర్తించి పిలిపించే పద్ధతి ఉన్నది. ఆ అనుమతి కాగితం లేనిదే, చేతిలో ఉన్నది లైసెన్సు తుపాకి అయినా కొట్టడం నేరమే. తుపాకి లైసెన్సు తుపాకిని ఉంచుకోవడానికి ఇచ్చింది; అడవిలో దేన్నైనా కొట్టడానికి ఇచ్చింది కాదు.

పైగా పందులు వచ్చేది చీకట్లో. చీకటి వేట ఎటువంటిదో మన ఇతిహాసాలు చెప్పినంతగా ఏ పోలీసు పుస్తకమూ చెప్పలేదు. దశరథుడు నీటి చప్పుడు విని ఏనుగనుకున్నాడు. అక్కడ ఉన్నది కుండ ముంచుతున్న మునికుమారుడు. చీకటి వంక కూడా లేకుండానే పాండురాజు లేడి అనుకున్నాడు. అది లేడి రూపంలో ఉన్న కిందముడు. జరుడనే వేటకాడు పొదలో మెదిలింది లేడి అనుకున్నాడు. అది శ్రీకృష్ణుని పాదం. ముగ్గురూ బాణవిద్యలో మేటివాళ్ళే. ముగ్గురికీ గురి కుదిరింది, గుర్తే కుదరలేదు. రాత్రి రెండుగంటలకు మొక్కజొన్నలో ఆకు కదిలితే అది పందే కావాలని ఏమున్నది? పక్క చేనుకు కాపలా వచ్చిన కోయ రైతు కావచ్చు. కరెంటు ఆ వేళకే వచ్చిందని మోటారు వేయడానికి బయలుదేరిన లంబాడీ కుర్రవాడు కావచ్చు.

ఇక ఇంటి కాపలా. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాన్ని గురించినవే. కాని రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదన్న మాట కూడా అక్కడే ఉన్నది. ఆ 'ఎంత' అన్నది చీకట్లో, నిద్ర కళ్ళతో, అరక్షణంలో తేల్చుకోవాలి. తరువాత దాన్నే కోర్టులో పగటి వెలుతురులో ఏళ్ళ తరబడి కొలుస్తారు. కోడిని పట్టుకు పారిపోయేవాడి వీపుమీద పేల్చినవాడు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినవాడే అవుతాడు.

మన ప్రాంతానికి దీనిలో వేరే అనుభవం కూడా ఉన్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద వరుసగా పడింది ఆయుధాల కోసం. 26 తుపాకులు చేజిక్కించుకున్నాడు. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల గడీల్లోని తుపాకులు దళాల చేతుల్లోకి వచ్చాయి. మళ్ళీ 1980, 90 దశకాల్లో అడవి పల్లెల్లో లైసెన్సు తుపాకి ఉన్న ఆసామి తలుపును రాత్రిపూట తట్టింది, చాలాచోట్ల, ఆ తుపాకి కోసమే. వారి వారి ఆశయాల మంచిచెడ్డలు చరిత్రకారులు చూసుకుంటారు. గృహస్థు గ్రహించవలసింది ఇంతే: తుపాకి ఉన్న చోటికి తుపాకి కావలసినవాడు వస్తాడు. ఇంటిని కాయవలసినదానికే కాపలా కావలసి వస్తుంది.

ఇంత చెప్పినా మావాడు, "సరే అన్నయ్యా, కొనక తప్పదనుకో. అప్పుడేది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఊరికి దూరంగా ఒంటరి ఇళ్ళలో ఉండేవారికి నిజమైన భయాలు ఉంటాయి. చట్టం కూడా వారికి దారి ఉంచింది.

1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండనివారికి తుపాకి లేదు. లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు. పోలీసు కమిషనరు ఉన్న ప్రాంతంలో ఆ అధికారం కమిషనరుది. పోలీసు విచారణ జరుగుతుంది. 2016 నిబంధనలు ఆయుధాన్ని జాగ్రత్తగా వాడడంలో శిక్షణను కూడా చేర్చాయి. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు 5 ఏళ్ళు. అదే సవరణ పెళ్ళి ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలమీదికి వచ్చేటట్లు సరదా కాల్పులు జరిపేవారికి 2 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అన్నది. లైసెన్సు లేని నాటు తుపాకి చవక అని ఎవరైనా చెవిలో చెబితే దాని అసలు వెల ఇది: తక్కువలో తక్కువ 2 ఏళ్ళు, ఎక్కువలో 5 ఏళ్ళు జైలు. పేలేటప్పుడు గొట్టం చీలి సొంత చెయ్యి పోవడం ఆ పైన.

పంట కాపలాకని అడిగితే చట్టం ముందుగా చూపేది గొట్టం మూతినుంచి మందు దట్టించే పాత రకం తుపాకి. మన భర్మార్ అదే. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. దాన్ని వాడే పద్ధతంతా ఆ పేరులోనే ఉన్నది. అది చాలదని అధికారికి తోస్తే నున్నని గొట్టం ఉన్న ఇతర తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. ఆత్మరక్షణకైతే గొట్టం 20 అంగుళాలకు తక్కువకాని నున్నని గొట్టపు తుపాకి. జనం 12 బోరు అనేది దీన్నే.

ఈ 12 ఏమిటని చాలామందికి సందేహం. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు సరిగా పట్టే గొట్టం 12 బోరు. అడ్డుకొలత సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 16 బోరు అంటే అంతకంటె సన్నం. అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఈ లెక్క మన ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. నూలు కౌంటు పెరిగినకొద్దీ చీర సన్నబడడం వారికి తెలుసు.

రైఫిలు గొట్టం లోపల మెలికల గాడి ఉంటుంది. తూటా గిరగిర తిరుగుతూ పోతుంది. గురి తప్పితే మైలు అవతల ఉన్న ఊరినైనా పలకరిస్తుంది. 12 బోరు కార్ట్రిడ్జిలో ఉండేవి చిన్న గుండ్లు. సన్నరకం గుండ్లు చెదిరి, నలభై గజాలు దాటేసరికి జోరు తగ్గుతాయి. లావురకం గుండ్లు అంతకంటె దూరం పోతాయి. చుట్టుపక్కల మనుషులు మసలే చోట మొదటి తుపాకి కొనేవాడికి రైఫిలు కంటె ఇదే మేలని మా ఇన్‌స్పెక్టరుగారి మాట. అందులోనూ ఒంటి గొట్టందే నయమన్నారు. జోడు గొట్టాలదానికంటె తేలిక; మధ్యకు విరిచి చూస్తే లోపల తూటా ఉన్నదో లేదో పిల్లవాడికి కూడా తెలుస్తుంది. భుజానికి ఎత్తితే చొక్కా కుదిరినట్లు కుదరాలి. మెడ సాగదీయవలసి వస్తే అది మన కొలత కాదు. పాతది కొనేటట్లయితే గొట్టం వెలుతురుకు పెట్టి లోపల తుప్పు గుంటలు ఉన్నాయేమో, కీలు దగ్గర కదులుతున్నదేమో, కర్ర బీటలు వారిందేమో చూడాలి. చేతులు మారేది లైసెన్సులమీదనే. నోటిమాట మీద కాదు.

గురి చూడడంలో ఉన్న ఆనందమే కావాలనుకునేవారికి వేరే దారి ఉన్నది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది గాలి రైఫిలుతో, 10 మీటర్ల దూరంలోని కాగితం మీద. ఒక పిట్ట రెక్క కూడా నలగలేదు.

వారం తిరగకుండా ఈ సంగతులన్నీ మూటగట్టుకుని నేను ఏన్కూరు వెళ్ళాను. ఒంటి గొట్టమా, జోడు గొట్టాలా అని అన్నదమ్ములం వాదించుకుంటున్నాము. అప్పటిదాకా పొయ్యి దగ్గర కూర్చుని వింటున్న మరదలు ఇవతలికి వచ్చింది.

"బావగారూ, ఏది కొనాలో మీరిద్దరూ చెప్పుకుంటున్నరు. కొన్నాక అది ఎక్కడ పెడతరు?"

మావాడు గోడ చూపించాడు.

"గోడకు తగిలిస్తే పెద్దోడు కుర్చీ ఎక్కి అందుకుంటడు. బియ్యం డ్రమ్ము వెనక పెడితే దాగుడుమూతలప్పుడు చిన్నది దూరేది అక్కడికే. పెట్టెలో పెట్టి తాళం వేస్తే, దొంగ వచ్చిన రాత్రి తాళంచెవికి వెతుక్కోవాలె. లైసెన్సు ఈయన పేరుమీద. ఈయన ఊళ్ళో లేని రాత్రి కాదా మన భయమంతా? ఆ రాత్రి నేను అది ముట్టుకోకూడదాయె. మరి ఎవరికి కాపలా?"

నేను చట్టం తిరగేశాను, నిఘంటువులు తిరగేశాను. ఆమె ఆ రెండు గదుల ఇంటిని మనసులో ఒక్కసారి తిరగేసింది, అంతే.

కొంచెంసేపాగి, గొంతు తగ్గించి ఇంకొక మాట చెప్పింది. "పురుగుల మందు డబ్బా కూడా నేనిప్పుడు కొట్టంలో తాళం వేసి ఉంచుతున్న, బావగారూ. పంట పోయిన ఏడు మగవాళ్ళ మనసు ఏ రాత్రి ఎట్లుంటదో మీకు తెల్వదు."

మావాడు తల ఎత్తలేదు. నాలుగు రకాల మందుల గురించి నేను చమత్కారంగా చెప్పినదాన్ని ఆమె బతుకుగా చెప్పింది. ఇంటికి తెచ్చిన ప్రమాదానికి ఇంట్లోవాళ్ళే అందరికంటె దగ్గరగా ఉంటారు. దొంగ ఏడాదికొక రాత్రి వస్తాడో రాడో. పిల్లల ఆట, భార్యాభర్తల కోపం, అప్పులవాడు వచ్చిపోయిన సాయంత్రం, ఇవి మాత్రం వస్తూనే ఉంటాయి.

ఆ ఏడు వారు చేసిన పనులు చెబుతాను, పొలాలు ఉన్నవారికి పనికివస్తాయి. మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేశారు. పంది దాన్ని తినదు, దాని వాసనకు చేను వాసన మరుగుపడుతుంది. పక్క చేలవారితో కలిసి మంచె కట్టి వంతులవారీగా డప్పుతో కాపలా ఉన్నారు. నష్టం జరిగినప్పుడల్లా అటవీ ఆఫీసుకు అర్జీ పెట్టారు. వాకిట దీపం, రెండు కుక్కలు, పోలీసు నంబరు 112 తలుపు వెనక పెద్ద అక్షరాలతో. ఒక్క పని మాత్రం చేయమని ఎందరు చెప్పినా చేయలేదు: లైనునుంచి కరెంటు లాగి చేను చుట్టూ తీగ కట్టడం. పందికని కట్టిన ఆ తీగమీద తెల్లవారి చూస్తే మనిషి ఉన్న సంఘటనలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. కంచె చేను మేసిందని సామెత. ఆ కంచె మనిషిని మేస్తుంది.

పందులు రాలేదా అంటే వచ్చాయి. ఒక మూల తొక్కిపోయాయి. మిగిలింది ఇంటికి చేరింది.

మావాడు తుపాకి ఆలోచన మానుకున్నాడని చెప్పను. ఇనప బీరువా గోడలోకి బిగించి, తూటాలకు వేరే తాళం పెట్టి, శిక్షణ తీసుకున్నాక చూద్దామంటున్నాడు. అది మంచి వరుస. లోకంలో చాలామంది ముందు తుపాకి కొని, తరువాత దానికి చోటు వెతుకుతారు.

కొనదలచినవారు దుకాణం మెట్లు ఎక్కకముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తుపాకి ఎక్కడ ఉంటుంది? తూటాలు ఎక్కడ ఉంటాయి? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ తాళంచెవి ఉన్న మనిషికి మనసు బాగోలేని రోజున దాన్ని ఎవరు తీసుకుంటారు? నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఇంటి యజమాని కాదు. ఇల్లాలిని అడగండి.